చేపల పేర్లు కూర్చిన వైద్యుడు

హైదరాబాదులో మాదాపురము నుండి హైటెక్ సిటీ వైపు పోయే దారిలో దుర్గం చెరువు ఉన్నది. కుతుబ్‌షాహీల కాలములో గోలకొండ కోటకు మంచినీరు ఇచ్చిన చెరువు అది. 1998లో సైబర్ టవర్స్ లేచిన తరువాత ఆ రాతిగుట్టల నడుమ అద్దాల మేడలు వరుసగా వెలసినవి. 2020లో చెరువు మీద తీగల వంతెన వచ్చినది. ఆ వంతెన మీదుగా ప్రతిదినము వేలకొలది ఉద్యోగులు పోతూ వస్తూ ఉంటారు. క్రింది నీటిలో ఎన్ని రకముల చేపలు ఉండునో చెప్పుమంటే చెప్పగలవారు మాత్రము అరుదు.

తెలంగాణ రాష్ట్రము 2016లో కొర్రమీనును తన రాష్ట్రమత్స్యముగా ప్రకటించుకొన్నది. కొర్రమీను నీటిలో ఉండే చేపయే అయినా, నడుమ నడుమ పైకి వచ్చి గాలి పీల్చకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. ఈ సంగతి చెరువుగట్టు మీది బెస్తవానికి తాతలనాటి నుండి తెలుసు. ఇటువంటి చేపలను తొట్లలో ఉంచి, పైకి రానీయక పరీక్షించి, ఆ ఫలితములను లండను శాస్త్రసభలకు నివేదించిన తొలితరము వారిలో ఒక ఆంగ్ల సైనిక వైద్యుడు ఉన్నాడు. ఆయన పేరు ఫ్రాన్సిస్ డే. భారతదేశపు చేపలన్నిటిని ఒక గ్రంథములోనికి తెచ్చి, వాటి శాస్త్రనామముల సరసనే తెలుగు, తమిళ, మలయాళ, వంగ నామములను అచ్చువేయించినవాడు ఆయనే. అదే మనిషి తన చివరి సంవత్సరములలో ఐర్లండు సరస్సులలోని ట్రౌట్ చేప ఒక జాతియా, పది జాతులా అనే వివాదములో తలమునకలైనాడు. గోదావరి పులసకును, ఐర్లండు ట్రౌట్‌కును ఒకే జీవితములో ఇంత చోటు దొరికిన మనిషి మరియొకడు కనబడడు.

డే 1829 మార్చి 2వ తేదీన ఇంగ్లండు దక్షిణ భాగమున ససెక్స్ మండలములోని మేర్స్‌ఫీల్డ్ అనే ఊరిలో జన్మించినాడు. భూవసతి గల కుటుంబము. ష్రూస్‌బరీ పాఠశాలలో చదువుకొన్నాడు; అంతకు కొన్నేండ్ల ముందు చార్లెస్ డార్విన్ చదివినదీ అక్కడనే. తరువాత లండనులో సెయింట్ జార్జ్ వైద్యశాలలో వైద్యము నేర్చి, 1852లో ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యములో సహాయవైద్యుడుగా చేరినాడు. ఆ ఏడే రెండవ బర్మా యుద్ధము వచ్చినది. కొత్త వైద్యుడు ఆ యుద్ధరంగమును చూచినాడు. ఆ కాలపు సైనికవైద్యులలో చాలమందికి పక్షులో, మొక్కలో, పురుగులో ఏదో ఒక వ్యసనము ఉండేది. దండుతో ఊరూరు తిరిగే మనిషికి, రోగులు లేని పూట పొద్దుపోవడానికి అంతకంటె మంచి సాధనము లేదు. డేకు చేపలు పట్టుకొన్నవి.

1859లో కొచ్చికి బదిలీ కావడమే ఆయన జీవితమును మలుపు త్రిప్పినది. ఒక ప్రక్క సముద్రము, మరియొక ప్రక్క ఉప్పుకయ్యలు, వెనుక కొండల నుండి దిగివచ్చే ఏళ్లు. తెల్లవారకముందే పడవలు ఒడ్డుకు చేరేవి. సంతలో పరచిన చేపలలో ప్రతి పూటా తెలియనిది ఏదో ఒకటి కనిపించేది. ఆ సంస్థాన చరిత్రను 1863లో పెరుమాళ్ల దేశమనే పేరుతో ఒక గ్రంథముగా వెలువరించినాడు. 1865లో మలబారు చేపల గ్రంథము లండనులో అచ్చయినది. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియారేండ్లు. వృత్తి వైద్యమే, జీతమూ దానికే; మనస్సు మాత్రము చేపల మీదికి మళ్లినది.

ఈ నడుమనే ట్రౌట్ ఆయన జీవితములోనికి వచ్చినది. ట్రౌట్ చల్లని, తేటైన పారుడు నీటిలో బ్రతికే చుక్కలచేప. ఐరోపావారికి, ముఖ్యముగా బ్రిటిషువారికిని ఐరిషువారికిని, దీనిని గాలముతో పట్టడము వట్టి వేట కాదు, ఒక విద్య. వానపామును గ్రుచ్చి నీటిలో పడవేయడము ఆ విద్యలో తక్కువ తరగతి పని. ట్రౌట్ నీటిమీద వ్రాలే ఈగలను తింటుంది గనుక, ఈగ వంటి బొమ్మను తయారుచేసి, దానిని నిజమైన ఈగవలె నీటిపై వ్రాలనిచ్చి చేపను భ్రమింపజేయవలెను. చిన్న ఇనుప గాలమును పట్టుకొయ్యలో బిగించి, మైనము రాసిన పట్టుదారము చుట్టుతారు. ఆ దారమునకు జంతువుల బొచ్చును పేని ఈగ పొట్టను చేస్తారు. కోడిపుంజు మెడ ఈకను చుట్టగా దాని పోగులు నిక్కి ఈగ కాళ్లవలె నిలుస్తవి. బాతు ఈకతో రెక్కలు. వెండిజరీ తీగ ఒక చుట్టు. ఇదంతా వ్రేలిగోరు పాటి వస్తువు!

ఈ పనికి మన దేశము నుండి పోయిన సరుకు కూడ ఒకటి ఉన్నది. దక్షిణభారతపు అడవికోడి పుంజు మెడమీద ఈకల చివర మైనము పూసినట్లు మెరిసే పసుపు, తెలుపు చుక్కలు ఉంటవి. సహ్యాద్రి నుండి గోదావరి వరకు గల అడవులలో తిరిగే ఆ కోడి ఈకలు ఓడలకెక్కి లండనుకు, ఐర్లండుకు పోయి, అక్కడి గాలములకు కన్నులైనవి. దీనికై వేటాడబడిన కోళ్ల సంఖ్య ఎంతో ఎవరును లెక్కపెట్టలేదు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఆ ఎగుమతి నిలిపివేయబడినది.

ఐర్లండులో ఈ వేట నదులకంటె సరస్సులలో ఎక్కువ. కారిబ్, మాస్క్, మెల్విన్ అనేవి పేరుపొందిన సరస్సులు. పడవను గాలికి అడ్డముగా త్రిప్పి దానితోపాటు కొట్టుకొనిపోనిస్తూ, ముందు నీటిలోనికి పొట్టిదారముతో మూడు ఈగలను విసురుతూ పోతారు. మే నెలలో మేఫ్లై అనే పెద్ద ఈగ నీటి నుండి గుంపులుగా పుట్టినప్పుడు నిజమైన ఈగలనే పట్టి గాలమునకు గ్రుచ్చి, తేలికైన పట్టుదారమును గాలికి వదలి, ఈగ అలల మీద ఆడేటట్లు చేస్తారు. ఊరి పిల్లలు పొదలలో ఈగలను ఏరి వేటగాండ్రకు అమ్ముకొనడము కూడ ఉన్నది.

ఇటువంటి వినోదమునకు అలవాటుపడినవారు నీలగిరులకు వచ్చినప్పుడు ఏమనుకొని ఉందురో ఊహించుకొనవచ్చును. చలి ఉన్నది, మంచు ఉన్నది, ఇంటిదగ్గర వాగులవంటి వాగులున్నవి; ట్రౌట్ లేదు. ఆ లోటు తీర్చడానికి 1863లో ఒకసారి, 1866లో మరియొకసారి ప్రయత్నము జరిగినది. దానికి పూనుకొన్నవాడు డే. అప్పటికి సూయజ్ కాలువ లేదు. అది 1869లో గాని తెరవబడలేదు. ట్రౌట్ గుడ్లు ఎంత చల్లగా ఉంటే అంత ఆలస్యముగా పొదుగుతవి. మంచుగడ్డల నడుమ ఉంచితే పిల్లలు కాకుండ నెలల తరబడి ఉంచవచ్చును. కాని ఉష్ణసముద్రము మీద మంచు కరిగినదా, అంతటితో సరి. 1864లో జేమ్స్ యూల్ అనే ఆయన నాచులో పొదిగిన గుడ్లను నార్‌ఫోక్ అనే ఓడలో మంచుతో కప్పి టాస్మానియాకు సజీవముగా చేర్చినాడు. డేకు ఆ అదృష్టము కలుగలేదు. రెండు ప్రయత్నములును విఫలమైనవి. టెంచ్, కార్ప్ వంటి సీమచేపలు తరువాత ఊటీ నీటిలో నిలదొక్కుకొన్నవి గాని ట్రౌట్ నిలువలేదు. కాశ్మీరములో 1900లోను, నీలగిరులలో ఆ తరువాతి దశాబ్దములోను వేరేవారు ఆ పనిని సాధించినారు. అప్పటికి డే గతించి పదేండ్లు దాటినది.

ఈ వైఫల్యము ఆయనకు మేలే చేసినదని చెప్పవలెను. సీమచేపను తెచ్చి విడవడము కుదరక పోయిన తరువాత, ఉన్న చేపల సంగతి ఏమిటనే ప్రశ్న ఆయన ముందుకు వచ్చినది. అది వచ్చిన దారి తెలుగువారికి ప్రత్యేకముగా ఆసక్తి కలిగించేది. 1867లో సర్ ఆర్థర్ కాటన్ ఇంగ్లండులోని భారతమంత్రికి ఒక లేఖ వ్రాసినాడు. గోదావరికి అడ్డముగా ధవళేశ్వరపు ఆనకట్టను 1852 నాటికి కట్టి, డెల్టాకు అన్నము పెట్టినవాడుగా ఇంటింట పేరుపొందిన కాటన్ దొరయే ఆయన. నదులకు కట్టిన ఆనకట్టలు గ్రుడ్లు పెట్టడానికి ఎదురెక్కే చేపలను అడ్డగించి, తీరమున చేపల రాబడికి నష్టము చేయుచున్నవేమో విచారించుమని ఆయన కోరినాడు. తాను కట్టిన కట్టడము మీద తానే సందేహము లేవదీసిన ఇంజనీరు అరుదు. లేఖ మద్రాసు ప్రభుత్వమునకు వచ్చినది. విచారణ డేకు అప్పగింపబడినది.

ఆ విచారణలో ముఖ్యమైన చేప పులస. సముద్రములో ఉన్నంతకాలము విలస, గోదావరి ఎక్కినప్పటి నుండి పులస అని తీరమువారు చెప్పుకొంటారు. తాళిబొట్టు అమ్ముకొనియైనా తినవలెనని సామెత పుట్టించిన చేప అదియే. వర్షాకాలములో ఎర్రనీరు సముద్రమును తాకగానే గుంపులుగా నదిలోనికి ఎదురెక్కి వచ్చి, పైన మంచినీటిలో గ్రుడ్లు పెట్టుతుంది. కావేరి శాఖయైన కొళ్లిడము ఆనకట్టల దగ్గర డే చూచినది ఇది: కట్ట దాటలేక చేపలు క్రింద గుమిగూడినవి, గుమిగూడినవానిని వలలు ఊడ్చివేయుచున్నవి. ఆనకట్టలలో చేపలు ఎక్కిపోవడానికి దారులు విడువవలెనని ఆయన సూచించినాడు. నీటిని నిలుపవలెనని చూచే ఇంజనీరుకు, నీరు పోయే దారి అడిగే మత్స్యశాస్త్రవేత్తకు పొత్తు కుదరడము అంత సులభము కాదు. ఆ సూచనలలో ఆచరణలోనికి వచ్చినది కొంచెమే.

1871లో డే భారతదేశపు మత్స్యశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయినాడు. పేరు పెద్దదే గాని ఆ శాఖ అంటే దాదాపు ఆయన ఒక్కడే. సింధు నుండి బర్మా వరకు తిరిగినాడు. కలెక్టర్లకు, తహసీల్దార్లకు ప్రశ్నలు వ్రాసి పంపినాడు: మీ సంతకు చేప చాలినంత వచ్చుచున్నదా, వల కన్ను ఎంత చిన్నది, చేపపిల్లలను పట్టుచున్నారా, నీటిలో విషము కలుపుచున్నారా అని. జవాబులు కుప్పలుగా వచ్చినవి. వాటి సారమును 1873లో రెండు నివేదికలుగా ప్రకటించినాడు. ఒకటి మంచినీటి చేపలపై, మరియొకటి సముద్రపు చేపలపై. ఆ నివేదికలను చదివితే దేశమంతట ఒకే దృశ్యము. వరిమడులలోనికి ఎక్కివచ్చిన చేపలు నీరు తీయగానే పిల్లలతో సహా బుట్టలపాలు అగుచున్నవి. కాలువ మూతికి అడ్డముగా ఊతలు. దోమతెర వంటి వలలు. పిల్లచేప మిగలకపోతే మరుసటి ఏడు పెద్దచేప ఎక్కడినుండి వచ్చును?

వల కన్నుకు కనీస పరిమాణము నిర్ణయించవలెనని, విషము పెట్టడము, కాలువలకు అడ్డముగా శాశ్వతపు ఊతలు కట్టడము నిషేధింపవలెనని డే పట్టుపట్టినాడు. దీనిని ఎదిరించినవారును ఉన్నారు, వారి వాదము కొట్టివేయదగినది కాదు. మడిలో పట్టిన ఆ గుప్పెడు పిల్లచేపలే కూలివాని గంజిలోనికి కూర. చట్టము తెచ్చి దానిని తీసివేసి, జవాను చేతికి లంచము తినే అధికారము ఇత్తురా అని కొందరు రెవెన్యూ అధికారులు అడిగినారు. దక్షిణ కెనరా కలెక్టరుగా ఉన్న హెన్రీ సలివన్ థామస్ డే పక్షమున నిలిచినాడు. 1873లో భారతదేశపు గాలపువేటపై గ్రంథము వ్రాసి, మహసీరు చేప ట్రౌట్‌కు ఏమాత్రము తీసిపోదని సీమవేటగాండ్రకు చాటినది ఆ థామసే. అయితే చట్టము వెంటనే రాలేదు. 1897లో భారత మత్స్యచట్టము వచ్చినప్పుడు నీటిలో మందుగుండు పేల్చడము, విషము కలపడము నేరములైనవి. డే కోరినదానిలో అది ఒక భాగము మాత్రమే. పేదవాని కూర సంగతి నేటికిని తేలలేదు. చెరువు వేలము పాడుకొన్న సంఘమునకు, గట్టు మీద గాలము వేసే కుర్రవానికి తగవు తెలుగు ఊళ్లలో ఇప్పటికిని వింటూనే ఉంటాము.

ఈ తిరుగుళ్ల ఫలమే ఆయన మహాగ్రంథము. భారతదేశపు మత్స్యములు అనే అర్థము గల పేరుతో 1875 మొదలు 1878 వరకు భాగములుగా లండనులో వెలువడినది. దాదాపు రెండు వందల చిత్రపటములు. పొలుసు పొలుసు లెక్కపెట్టి గీసినవి. ప్రతి జాతికి శాస్త్రనామము, రెక్కల ముళ్ల లెక్క, రంగు, దొరికే చోటు చెప్పి, స్థానికనామములను ఇచ్చినాడు. తెలుగు పేర్లను ఒక సంక్షిప్తాక్షరముతో గుర్తించినాడు. పులసకు ఆయన విన్న తెలుగు పేరు పలస. ఇంగ్లీషు చెవికి వినబడినట్లు వ్రాసిన ఆ పేర్లలో కొన్ని నేడు పోల్చుకొనడము కష్టము. కొన్ని ఇప్పటికిని సంతలో యథాతథముగా వినబడుతవి. తెలుగు నిఘంటుకారులు చేపల పేర్లకు సాధారణముగా చేప విశేషము అని అర్థము వ్రాసి ఊరుకొన్న కాలములో, ఏ పేరు ఏ చేపదో బొమ్మతో సహా చూపిన పుస్తకము ఇది. తెలుగు ఉపాధ్యాయులు దీనిని పదకోశముగా కూడ చూడదగును.

1877లో ఉద్యోగవిరమణ చేసి డే ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణములో స్థిరపడినాడు. విశ్రాంతి తీసుకొనే స్వభావము కాదు. 1880 నుండి 1884 వరకు బ్రిటన్, ఐర్లండు చేపల గ్రంథము, 1887లో ఆ దేశముల సాల్మన్, ట్రౌట్ కుటుంబముపై ప్రత్యేకగ్రంథము వెలువరించినాడు. ఈ రెండవదానితోనే ఆయన ఈగగాలపు వేటగాండ్ర లోకములోనికి అడుగుపెట్టినాడు. అడుగుపెట్టిన వెంటనే తగవు.

అప్పటికి బ్రిటిష్ మ్యూజియములో చేపల విషయమున తిరుగులేని అధికారి ఆల్బర్ట్ గుంథర్. జర్మనీ నుండి వచ్చిన మహాపండితుడు. 1866లో ఆయన తన పట్టికలో బ్రిటన్, ఐర్లండు ట్రౌట్‌ను అనేక జాతులుగా విడదీసి పేర్లు పెట్టినాడు. ఐర్లండులో మెల్విన్ సరస్సు వేటగాండ్రు మొదటినుండి మూడు రకములను వేరువేరుగా పిలుస్తూ వచ్చినారు. గిల్లరూ అంటే ఎర్రవాడు. ఎర్రచుక్కలతో, నత్తలను తిని అరిగించుకొనే మందమైన పొట్టతో ఉంటుంది. సోనాగన్ నల్లని రెక్కలు గల వెండిచేప. సరస్సు నడుమ తేలే సూక్ష్మజీవులను తింటుంది. ఫెరాక్స్ పెద్దది, చేపలనే తినే చేప. గుంథర్ పట్టికలో ఈ మూడును మూడు జాతులు.

డే దీనిని ఒప్పుకొనలేదు. స్కాట్లండులో హోవీటౌన్ అనే చోట సర్ జేమ్స్ మెయిట్లండ్ నడిపిన చేపల పెంపకశాలలో సంకరములు చేయించి చూచినాడు. ఒక సరస్సు ట్రౌట్‌ను తెచ్చి మరియొక నీటిలో పెంచితే, దాని రంగు, రూపు ఆ నీటిని బట్టి మారడము గమనించినాడు. నత్తలు తినడము వలననే గిల్లరూ పొట్ట మందమైనదని, తిండి, నీరు, చోటు మార్చితే పండితులు చెప్పిన భేదములు కరిగిపోవునని, ఉన్నది ఒకే ట్రౌట్ అని ఆయన నిర్ణయము. గుంథర్‌కును ఆయనకును పొసగలేదు. ఆ విరోధము శాస్త్రము దాటి పోయినది. 1883లో లండనులో జరిగిన అంతర్జాతీయ మత్స్యప్రదర్శనములో భారతశాఖకు కమిషనరుగా పనిచేసిన డే, తన సీసాల భాండారములో పెద్దభాగమును స్వదేశపు మ్యూజియమునకు కాక ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు మ్యూజియమునకు అమ్మివేసినాడు.

ఎవరు సరియైనవారు? నూరేండ్ల తరువాత, 1980ల నుండి, ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మెల్విన్ సరస్సు చేపల వంశలక్షణములను పరీక్షించినారు. తేలినది విచిత్రము. బ్రిటన్, ఐర్లండులంతట ట్రౌట్ చాలవరకు ఒకే జాతియై రూపములు మార్చుకొంటూ ఉన్న మాట నిజమే. అంతవరకు డే గెలిచినాడు. కాని మెల్విన్‌లోని మూడు రకములు మాత్రము ఒకే నీటిలో బ్రతుకుతూ ఒకదానితో ఒకటి కలియవు. గిల్లరూ సరస్సు నుండి బయటికి పారే ఏటిలో గ్రుడ్లు పెట్టుతుంది. సోనాగన్ లోనికి వచ్చే చిన్న వాగులను ఎక్కుతుంది. ఫెరాక్స్‌కు వేరొక ఏటిలోని లోతైన చోటు. వేల ఏండ్లుగా వాటి వంశములు వేరు. పడవలో కూర్చుండి ఈగ విసిరే ఐరిషు పల్లెవాడు మూడు పేర్లు ఎందుకు పెట్టినాడో అప్పటికి గాని పండితులకు తెలియలేదు. భారతదేశములో బెస్తవాని పేరును అంత శ్రద్ధగా విని వ్రాసుకొన్న డే, ఐర్లండులో అటువంటివాని మాటను ఎందుకు త్రోసిపుచ్చినాడో! గుంథర్ మీది కోపము కొంత కారణమై ఉండవచ్చును. అక్కడ చేపను అమ్ముకొనేవాడు కాక, వేడుకకు పట్టేవాడే ఎక్కువగా మాట్లాడడము మరికొంత కారణమై ఉండవచ్చును.

1885లో ప్రభుత్వము ఆయనకు సి.ఐ.ఇ. బిరుదు ఇచ్చినది. 1888లో భారతమత్స్యగ్రంథమునకు అనుబంధము వచ్చినది. అప్పటికే కడుపులో పుట్టిన పుండు ఆయనను తినివేయుచున్నది. మంచములో నుండియే భారతదేశపు జంతుజాల గ్రంథమాలకు చేపల సంపుటములు రెండు పూర్తిచేసినాడు. వాటిలో 1,400కు పైబడిన జాతుల వర్ణన ఉన్నది. ఆ సంపుటములు 1889లో వెలువడినవి. ఆ ఏడే జూలై 10వ తేదీన చెల్టెన్‌హామ్‌లో అరువదవ యేట డే కన్నుమూసినాడు.

ఆయన సేకరించిన చేపలు కలకత్తాలో కొన్ని, లండనులో కొన్ని, హాలెండులో కొన్ని ఉన్నవి. సిడ్నీకి పోయినవి అక్కడనే ఉన్నవి. దక్షిణాపథపు ఏటిచేప జాతి ఏదో నిర్ణయించవలెనని పూనుకొన్న పరిశోధకుడు నేటికిని ఒక్కొక్కప్పుడు ఆస్ట్రేలియాకు ఉత్తరము వ్రాసి, నూటనలువది ఏండ్లనాటి సీసాలోని చేప పొలుసులను లెక్కపెట్టించుకొనవలసి వచ్చుచున్నది.